స్టీపుల్‌చేజ్ పార్కు: ఏది పోయింది, ఏది మిగిలింది, ఎందుకు

న్యూయార్క్ నగరానికి దక్షిణపు అంచున, బ్రూక్లిన్‌లోని కోనీ ఐలాండ్ తీరంలో 250 అడుగుల ఎత్తున్న ఎర్రటి ఉక్కు టవర్ ఒకటి నిలబడి ఉంది. పేరు పారాషూట్ జంప్. పక్కనే బేస్‌బాల్ స్టేడియం. ఈ రెండూ ఉన్న నేల మీదే 1897 నుంచి 1964 దాకా స్టీపుల్‌చేజ్ పార్కు నడిచింది. అమెరికా వినోద పార్కుల వ్యాపారానికి ఒక రూపం ఇచ్చిన పార్కుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది.

మూతపడిన పార్కుల గురించి మాట్లాడేటప్పుడు జనం అభిమానమే వాటిని కాపాడిందనీ, జనం మరిచిపోబట్టే అవి పోయాయనీ అనడం పరిపాటి. స్టీపుల్‌చేజ్ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ మాట నిలవదు. జనం ఎక్కువగా ప్రేమించింది అద్దాల పెవిలియన్‌ని, అంటే ఆటల్ని ఒకే కప్పు కిందికి తెచ్చిన పెద్ద మంటపాన్ని. అది నామరూపాల్లేకుండా పోయింది. యజమానులకు ఎప్పుడూ తలనొప్పిగా ఉండిన పారాషూట్ టవర్ మాత్రం మిగిలింది. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్నది మూడు లెక్కలు తేల్చాయి. విప్పి వేరే చోట బిగించడం కుదురుతుందా? కూల్చడానికి ఎంతవుతుంది? ఆ నేల మీద ఏం కట్టుకోవచ్చని నగర నిబంధనలు చెబుతున్నాయి? ఈ లెక్కలు అర్థం కావాలంటే పార్కు ఎలా పనిచేసేదో ముందు తెలియాలి.

కంచె వేసి టికెట్ పెట్టిన కాలం

పార్కు స్థాపకుడు జార్జ్ సి. టిల్యూ. 1862లో పుట్టాడు, కోనీ ఐలాండ్‌లోనే పెరిగాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి అక్కడ 264 అడుగుల ఫెర్రిస్ వీల్ చూశాడు. కొనబోతే దక్కలేదు. దాంతో 125 అడుగుల చిన్న చక్రాన్ని చేయించుకున్నాడు. దానికి 12 పెట్టెలు, పెట్టెకు 18 మంది. 1894లో అది కోనీ ఐలాండ్‌లో తిరగడం మొదలైంది.

అప్పటి కోనీ ఐలాండ్‌లో ఎవరి రైడ్ వాళ్లది, ఎవరి గల్లాపెట్టె వాళ్లది. మధ్యలో సారా కొట్లు, మూడు ముక్కలాట మోసగాళ్లు, జేబుదొంగలు. కుటుంబాలు ఆ వైపు రావడానికి జంకేవి. 1895లో కెప్టెన్ పాల్ బోయ్‌టన్ తన సీ లయన్ పార్కు చుట్టూ కంచె కట్టి, లోపలికి రావడానికే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాడు. టిల్యూ ఆ పద్ధతి పట్టుకున్నాడు. తన రైడ్‌లన్నిటినీ సుమారు 15 ఎకరాల ఆవరణలోకి చేర్చి 1897లో స్టీపుల్‌చేజ్ పార్కు తెరిచాడు. కంచె వల్ల రెండు పనులు జరిగాయి. గొడవ చేసేవాళ్లను గేటు దగ్గరే ఆపేయొచ్చు. లోపలికొచ్చిన మనిషి బయటికెళ్లి మరొకరి దగ్గర ఖర్చుపెట్టకుండా రోజంతా అక్కడే ఉంటాడు.

టికెట్ విధానం ఇంకా కీలకం. 25 సెంట్లు ఇస్తే లోపలున్న 25 ఆకర్షణలకూ అదే టికెట్ చెల్లేది. ఆకర్షణకు ఒక్క సెంటు అన్నమాట. సందర్శకుడికి అది మంచి బేరంగా కనిపించేది. యజమాని వైపు నుంచి చూస్తే రైడ్ రైడ్‌కీ చిల్లర లెక్కపెట్టే మనిషి అక్కర్లేదు, ఆ చిల్లరలో చేతివాటానికి ఆస్కారం ఉండదు, వచ్చే ఆదాయం గేటు దగ్గరే తేలిపోతుంది. ఒకే టికెట్‌తో రోజంతా తిరిగే పార్కులు నేడు ప్రపంచమంతా ఉన్నాయి. వాటి మూలాలు వెతికితే ఈ 25 సెంట్ల టికెట్ తప్పక తగులుతుంది.

గుర్రాలు, గాలి గొట్టాలు, తిరిగే పళ్లెం

పార్కుకు పేరు తెచ్చిన రైడ్ గుర్రప్పందెం. బ్రిటన్ వాడైన జె. డబ్ల్యూ. కాడరీ రూపొందించిన ఈ యంత్రం హక్కుల్ని టిల్యూ కొన్నాడు. పక్కపక్కనే సాగే ఇనుప పట్టాల మీద చక్రాలున్న చెక్క గుర్రాలు. ఒక్కో గుర్రం మీద ఇద్దరు కూర్చోవచ్చు. మొదట్లో తీగతాడు గుర్రాల్ని మిట్ట పైకి లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత మోటారు లేదు, ఇంజను లేదు. పల్లానికి జారడం, చిన్న మిట్టలెక్కడం, గీత దాటడం అంతా ఆ మొదటి ఎత్తు ఇచ్చిన వేగంతోనే.

బరువైనవాళ్లు ఎక్కిన గుర్రమే తరచుగా గెలిచేది. బరువు పెరిగితే చక్రాల రాపిడీ దాదాపు అదే పాళ్లలో పెరుగుతుంది కాబట్టి అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు. తేడా అంతా గాలి దగ్గరే. ఎదురుగాలి అడ్డుకునే బలం మనిషి ఆకారం మీద, వేగం మీద ఆధారపడుతుంది గాని బరువు మీద కాదు. ఒకే వేగంతో పోతున్న రెండు గుర్రాల్లో బరువైనది గాలి దెబ్బకు తక్కువ నెమ్మదిస్తుంది. అందుకే ఒంటరిగా ఎక్కినవారి కంటే జంటగా ఎక్కినవారికి గెలిచే అవకాశం ఎక్కువ. మలుపుల్లో లోపలి పట్టా పొట్టిగా ఉండటం మరో కారణం. ఇద్దరు ఎక్కాలంటే ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చోక తప్పదు. యువతీయువకులు బహిరంగంగా చేయి పట్టుకుంటేనే తప్పుపట్టే 1890ల్లో ఈ రైడ్ ముందు బారులు ఎందుకు తీరేవో చెప్పడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

పందెం ముగిశాక బయటికి దారి ఒక చిన్న వేదిక మీదుగా ఉండేది. నేలలోంచి గాలి ఒక్కసారిగా పైకి చిమ్మి ఆడవాళ్ల పావడాలు లేచేవి. పొట్టి మనిషి ఒకడు విదూషకుడి వేషంలో మగవాళ్లకు కరెంటు కర్ర తగిలించేవాడు. ఎదురుగా బెంచీల మీద నవ్వుతూ కూర్చున్నవాళ్లు అంతకు కాసేపటి ముందు అదే దారిన వచ్చి అవమానపడినవాళ్లే. టిల్యూ వ్యాపారరహస్యం ఇక్కడుంది. నటులకు జీతాలివ్వకుండా టికెట్ కొన్నవాళ్లనే ప్రదర్శనగా మార్చాడు. ఆడవాళ్ల అసౌకర్యాన్ని, ఒక మనిషి పొట్టితనాన్ని అమ్ముకున్న ఆ వేదికను ఈనాడు ముచ్చటగా గుర్తుచేసుకోవాల్సిన అవసరం లేదు. ఆ పార్కు లాభాల్లో దాని వాటాను దాచాల్సిన అవసరమూ లేదు.

మిగతా ఆటలూ ఇదే సూత్రం మీద నడిచేవి. ప్రవేశంలో అడ్డంగా తిరిగే పెద్ద పీపా ఉండేది. దానిలోంచి నడిచేవాళ్లు కాళ్లు నిలవక ముక్కూమొహం తెలియనివాళ్ల మీద పడేవారు. హ్యూమన్ రౌలెట్ వీల్ అనే నున్నటి చెక్క పళ్లెం మీద పాతికమంది కూర్చునేవారు. వేగం పెరిగేకొద్దీ తిరగలి అంచు నుంచి గింజలు జారినట్టు ఒక్కొక్కరే బయటికి జారేవారు. నడిమధ్యలో కూర్చున్నవాళ్లు చివరిదాకా నిలిచేవారు. గుండ్రంగా తిప్పడానికి కావాల్సిన బలం కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది. అంచున కూర్చున్నవారికి బట్టల రాపిడి ఇచ్చే బలం చాలదు. ఇలాంటి ఆటకు కావాల్సింది ఒక మోటారు, ఒక పళ్లెం, ఒక మనిషి. ఒక్కో విడతకు పాతిక మందికి వినోదం. ఈ లెక్కను గుర్తుంచుకుంటే పారాషూట్ టవర్ ఎందుకు గిట్టలేదో తర్వాత సులువుగా తెలుస్తుంది.

1902లో టిల్యూ చేసిన ఒక బేరం బెడిసికొట్టింది. బఫెలో నగర ప్రదర్శనలో పేరు తెచ్చుకున్న ‘చంద్రమండల యాత్ర’ అనే ఆకర్షణను థాంప్సన్, డండీ అనే ఇద్దరి నుంచి ఆ సీజన్‌కు తెచ్చుకున్నాడు. వర్షాలు ఆ వేసవిని ముంచేశాయి. తర్వాతి ఏడాది వాళ్ల వాటా తగ్గిస్తానన్నాడు. వాళ్లు బయటికెళ్లి పాత సీ లయన్ పార్కు స్థలంలో లూనా పార్కు కట్టి, 1903 మే 16న రెండున్నర లక్షల విద్యుద్దీపాలతో తెరిచారు. ఏడాది తిరక్కుండా 1904లో డ్రీమ్‌ల్యాండ్ వచ్చింది. దానికి 375 అడుగుల గోపురం, పది లక్షల దీపాలు. మూడు పార్కులూ నడకదూరంలోనే.

అగ్గి నేర్పిన పాఠాలు

ఆ భవ్యమైన గోపురాలు చెక్క చట్రం మీద కట్టినవి. పైపూత స్టాఫ్. అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో నార కలిపి అచ్చు పోసిన పలక. చవక, తేలిక, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం వస్తుంది. లోపల ఎండిన సన్నటి చెక్క బద్దలు, మధ్యలో గాలి ఆడే ఖాళీలు, దానికి తోడు సముద్రపు గాలి. నిప్పురవ్వ పడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

1907 జూలై 28న ఒక సిగరెట్ ముక్క స్టీపుల్‌చేజ్‌లో చాలా భాగాన్ని బూడిద చేసింది. మర్నాడు టిల్యూ కాలిన శిథిలాల ముందు బోర్డు పెట్టి, చూడాలనుకున్నవాళ్ల దగ్గర తలకు 10 సెంట్లు వసూలు చేశాడు. ఇది అందరూ చెప్పుకునే సంగతి. ఆ తర్వాత అతను కట్టిందేమిటన్నది అంతకంటే ముఖ్యం. 1908లో పెవిలియన్ ఆఫ్ ఫన్ లేచింది. ఉక్కు చట్రం, అద్దాల గోడలు. పొడవు 450 అడుగులు, వెడల్పు 270 అడుగులు. అంటే కప్పు కింద దాదాపు 2.8 ఎకరాల నేల. తిరిగే పళ్లెం, పీపా, జారుడుబల్లలు అన్నీ లోపలికి చేరాయి. గుర్రాల పట్టాలు దాని చుట్టూ తిరిగాయి.

ఆ కప్పు టిల్యూకు అగ్గి భయం ఒక్కటే తీర్చలేదు. సముద్రతీర పార్కు ఏడాది ఖర్చునంతా మే నుంచి సెప్టెంబరు మధ్య నాలుగు నెలల్లో సంపాదించుకోవాలి. అందులోనూ శని, ఆదివారాలే ప్రాణం. నాలుగు వారాంతాలు వాన పడితే ఆ ఏడాది పోయినట్టే. 1902లో అనుభవించాడు కూడా. వాన పడినప్పుడు పోటీ పార్కులు ఖాళీ అవుతుంటే స్టీపుల్‌చేజ్ నిండేది. లూనా, డ్రీమ్‌ల్యాండ్‌ల కంటే ఇది ఎక్కువ కాలం బతకడానికి ఆ పైకప్పు పెద్ద కారణమని గట్టిగా చెప్పొచ్చు.

డ్రీమ్‌ల్యాండ్ అయితే 1911 మే 27 తెల్లవారుజామున పోయింది. సీజన్ మొదలవ్వాల్సిన రోజది. ‘హెల్ గేట్’ అనే పడవ రైడ్‌లో నీళ్లు కారుతున్న చోట కాగిన తారు పూస్తుండగా దీపాలు ఆరిపోయాయి. చీకట్లో ఎవరి కాలో తగిలి తారు బకెట్ ఒలికి మంట లేచింది. తెల్లారేసరికి గోపురంతో సహా ఏమీ లేదు. డాక్టర్ మార్టిన్ కూనీ అక్కడ నడిపే ప్రదర్శనలో నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలు ఇంక్యుబేటర్లలో ఉండేవారు. వాళ్లందర్నీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. జనం కొన్న టికెట్ల డబ్బుతోనే ఆ పిల్లల వైద్యం జరిగేది. ఆసుపత్రులు అలాంటి విభాగాలు ఏర్పాటు చేసుకునేదాకా, అంటే 1943 వరకు, కూనీ కోనీ ఐలాండ్‌లో ఆ పని కొనసాగించాడు. వినోద పార్కుల చరిత్రలో ఇంతకంటే విలువైన పని మరొకటి కనిపించదు. డ్రీమ్‌ల్యాండ్‌ను మళ్లీ కట్టలేదు. 1957లో ఆ స్థలానికి న్యూయార్క్ అక్వేరియం వచ్చింది. లూనా పార్కు 1944 ఆగస్టులో కాలింది. ఆ చోట ఇప్పుడు 20 అంతస్తుల ఇళ్ల సముదాయం ఉంది.

పారాషూట్ టవర్ ఎందుకు గిట్టలేదు

టిల్యూ 1914లో చనిపోయాడు. పార్కు భార్యాపిల్లల చేతికొచ్చింది. 1920 నాటికి సబ్‌వే రైలు 5 సెంట్ల ఛార్జీతో నేరుగా కోనీ ఐలాండ్ చేరింది. 1923లో తీరం వెంట బోర్డ్‌వాక్ అనే చెక్క నడకదారి తెరిచారు. వేసవి ఆదివారాల్లో పది లక్షల మంది దిగే రోజులొచ్చాయి. కానీ వాళ్లలో ఎక్కువమంది సముద్రస్నానం చేసి, ఇంటినుంచి తెచ్చుకున్నది తిని వెళ్లిపోయేవాళ్లు. జనం పెరిగినంతగా గల్లాపెట్టె నిండలేదు.

1939 సెప్టెంబరులో మరో అగ్నిప్రమాదంలో పార్కులో కొంత భాగం కాలింది. ఆ ఖాళీ నింపడానికి టిల్యూ కుటుంబం 1939-40 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన నుంచి పారాషూట్ జంప్‌ను 1,50,000 డాలర్లకు కొని 1941లో ఇక్కడ నిలబెట్టింది. దీని రూపకర్త నౌకాదళం నుంచి రిటైరైన కమాండర్ జేమ్స్ స్ట్రాంగ్. సోవియట్ దేశంలో చెక్క టవర్ల మీంచి పారాషూట్ దూకడం నేర్పుతున్నారని తెలిసి, సైనిక శిక్షణ కోసం దీన్ని రూపొందించాడు. మామూలు జనం మేమూ ఎక్కుతామని వెంటపడటంతో ఇద్దరు కూర్చునే సీటు పెట్టి వినోదానికి మార్చాడు.

పనితీరు ఇదీ. దాదాపు 170 టన్నుల ఉక్కు టవర్ పైన 12 చేతులు చుట్టూ చాచి ఉంటాయి. ఒక్కో చేతి కింద ఒక పారాషూట్, దాని కింద గుడ్డ సీటు. మోటారు తీగతాడుతో సీటును పైకి లాగుతుంది. దీనికి సుమారు నిమిషం పడుతుంది. కొసకు చేరగానే కొక్కెం దానంతట అదే ఊడి, పారాషూట్ గాలి పట్టి కిందికి దిగుతుంది. దిగడానికి 11 నుంచి 15 సెకన్లు. పక్కకు కొట్టుకుపోకుండా ఒక్కో పారాషూట్ చుట్టూ ఎనిమిది తీగలు నిలువునా బిగించి ఉంటాయి. నేల దగ్గర కుదుపు తగ్గించే స్ప్రింగులు.

లోపాలు ఈ అమరికలోనే ఉన్నాయి. ఒక్కో పారాషూట్ నడపడానికి ముగ్గురు కావాలి. ఎక్కించడం, బెల్టు కట్టడం, దించడం కలిపి ఒక విడతకు మూడు నిమిషాలనుకున్నా ఒక పారాషూట్ గంటకు 40 మందిని మించి ఆడించలేదు. పక్కనున్న తిరిగే పళ్లెం ఒక్కడితోనే అంతకు ఎన్నో రెట్ల మందిని ఆడిస్తుంది. రెండోది గాలి. ప్రదర్శన జరిగిన ఫ్లషింగ్ మెడోస్ కంటే సముద్రపు ఒడ్డున గాలి జోరెక్కువ. పారాషూట్ గుడ్డను గాలి పక్కకు లాగితే తీగలు చిక్కుపడి సీటు మధ్యలోనే ఆగిపోయేది. కాబట్టి గాలి పెరిగితే రైడ్ ఆపక తప్పదు. మూడోది ఉప్పుగాలి. తీగలు, కప్పీలు, బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. రంగు వేయడం ఏటేటా తప్పని ఖర్చు. ఇన్ని ఉన్నా పార్కు దాన్ని వదులుకోలేదు. మైళ్ల దూరం నుంచి కనిపించే ఆ టవర్ పార్కుకు ప్రకటన బోర్డు.

1964 సెప్టెంబరు 20

పార్కు మూతకు ఒకే కారణం చెప్పేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. కారు ఉన్న కుటుంబాలు 1929లో తెరిచిన జోన్స్ బీచ్ వైపు మళ్లాయి. టీవీ, ఎయిర్ కండిషనర్ ఇంట్లోకి వచ్చాయి. కోనీ ఐలాండ్ వినోద ప్రాంతాన్ని కుదించి ఇళ్లు, పార్కులు, పౌర సదుపాయాలతో నింపాలన్నది నగర పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ ఆలోచన. ఆ దిశగా ఏళ్ల తరబడి ఒత్తిడి సాగింది. చుట్టుపక్కల ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించడంతో నేరాలు పెరిగాయి.

ఇంకొకటుంది, చాలా జ్ఞాపక వ్యాసాలు దాటవేసేది. స్టీపుల్‌చేజ్ ఈతకొలనులోకి నల్లజాతివారిని రానివ్వలేదని చరిత్రకారులు రాశారు. జాతివివక్షను నిషేధిస్తూ పౌరహక్కుల చట్టం వచ్చిన 1964 నాటికి పరిసరాల జనాభా మారిపోయింది. మారిన పొరుగును ఆహ్వానించే మనసు పార్కుకు లేకపోయింది. అందరి పార్కు అని తలుచుకునే చోటు నిజానికి అందరిదీ కాదు. ఈ మాట లేకుండా స్టీపుల్‌చేజ్ కథ రాస్తే అది అబద్ధమే అవుతుంది.

చివరి దెబ్బ కుటుంబంలో తగిలింది. వ్యవహారాలు చూసే ఫ్రాంక్ టిల్యూ 1964లో మరణించాడు. నాలుగు నెలల ఆదాయం, పన్నెండు నెలల పన్నులు, బీమా, మరమ్మతులు. వారసులకు నేల అమ్మడమే లాభమనిపించింది. సెప్టెంబరు 20న సీజన్ ముగింపు రోజున పార్కు నడిచిన ఏళ్లకు గుర్తుగా గంటను 67 సార్లు మోగించి, దీపాలు ఆర్పేశారు. తర్వాతి వేసవికి గేట్లు తెరుచుకోలేదు.

నేల చుట్టూ తిరిగిన కథ

1965లో సుమారు 12.5 ఎకరాల ఆ స్థలాన్ని ఫ్రెడ్ ట్రంప్ 23 లక్షల డాలర్లకు కొన్నాడు. డొనాల్డ్ ట్రంప్ తండ్రి. కోనీ ఐలాండ్‌లోనే ట్రంప్ విలేజ్ అనే పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయాన్ని అప్పటికే కట్టి ఉన్నాడు. సముద్రానికి ఎదురుగా ఎత్తైన అపార్ట్‌మెంట్లు లేపాలన్నది అతని పథకం. కానీ ఆ నేల వినోదానికి కేటాయించిన జోన్‌లో ఉంది. ఇళ్లు కట్టాలంటే నగరం ఆ కేటాయింపును, అంటే జోనింగ్‌ను, మార్చాలి.

సరిగ్గా అప్పుడే, 1965 ఏప్రిల్‌లో, న్యూయార్క్‌లో చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్ కూల్చివేత మీద రేగిన ఆగ్రహం నుంచి పుట్టిన చట్టమిది. పెవిలియన్‌కు ఆ గుర్తింపు వస్తే కూల్చడం అసాధ్యమయ్యేది. గుర్తింపు రాలేదు. 1966 సెప్టెంబరు 21న ఫ్రెడ్ ట్రంప్ అతిథుల్ని పిలిచి కూల్చివేత వేడుక చేశాడు. పెవిలియన్ ముఖద్వారం మీది అద్దాల్లో పార్కు గుర్తైన నవ్వుమొహం ఉండేది. వచ్చినవాళ్ల చేతికి ఇటుకలిచ్చి దాన్ని పగలగొట్టించాడు. ఆ తర్వాత బుల్డోజర్లు మిగతా పని చూశాయి. ఖాళీ నేల మీద గుర్తింపు కోరడానికి ఏమీ ఉండదు. ఆ తొందరలోని అసలు ఉద్దేశం అదేనని చాలామంది నమ్మారు. నమ్మడానికి ఆధారం ఆ తేదీల వరుసలోనే ఉంది.

అయినా అపార్ట్‌మెంట్లు లేవలేదు. నగరం జోనింగ్ మార్చలేదు. చివరికి 1960ల ముగింపులో నగరమే ఆ స్థలాన్ని సుమారు 40 లక్షల డాలర్లకు కొంది. ఎకరం లెక్కన చూస్తే 1,84,000 డాలర్లకు కొన్నది 3,20,000 డాలర్లకు పోయింది. పార్కును కూల్చిన వ్యాపారి ఏమీ కట్టకుండానే లాభంతో బయటపడ్డాడు. నగరానికి మిగిలింది బయలు. దశాబ్దాలపాటు అక్కడ ఒక మూల చిన్న పిల్లల రైడ్‌లు, మిగతాదంతా పార్కింగ్, పిచ్చిమొక్కలు. 2001లో బేస్‌బాల్ స్టేడియం వచ్చేదాకా అదే స్థితి.

మిగిలినవి

టవర్‌ది వింత చరిత్ర. 1966లో దాన్ని కూల్చకుండా వదిలేశారు. 1971లో నగరం వేలం వేసింది. కొనేవాడు రాలేదు. 170 టన్నుల ఉక్కును అంత ఎత్తు నుంచి ముక్కలుగా కోసి దించాలంటే క్రేన్లు, కూలీలు కావాలి. తుక్కు ధర ఆ ఖర్చుకు చాలదు. కూల్చడం దండగ కాబట్టి నిలిచింది. నిలిచింది కాబట్టి మెల్లగా గుర్తుగా మారింది. బ్రూక్లిన్ ఐఫిల్ టవర్ అన్న పేరు వచ్చింది. 1977 జూలైలో పరిరక్షణ కమిషన్ గుర్తింపు ఇస్తే అదే ఏడాది నగర బోర్డు రద్దు చేసింది. 1980లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. 1989లో నగర గుర్తింపు మళ్లీ వచ్చి ఈసారి నిలబడింది. 2002-03లో సుమారు 50 లక్షల డాలర్లతో పై భాగాన్ని విప్పి, తుప్పు తిన్న ఉక్కు భాగాల్ని మార్చి, ఎర్రరంగు వేశారు. 2013లో సుమారు 8,000 ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు. రైడ్‌గా మళ్లీ నడపాలన్న మాట అప్పుడప్పుడు వచ్చినా, తీగల మీద ఊగే గుడ్డ సీటు నేటి భద్రతా నిబంధనలకూ బీమాకూ ఒప్పదు.

పక్కనే ఉండిన థండర్‌బోల్ట్ అనే చెక్క రోలర్ కోస్టర్‌తో పోలిస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. 1925 నాటిది, 1982లో ఆగింది. చెక్కను నేలమట్టం చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కొత్త స్టేడియం తయారవుతుండగా 2000 నవంబరులో నగరం దాన్ని కూల్చేసింది. ఆ కూల్చివేత న్యాయబద్ధం కాదని తర్వాత జ్యూరీ తేల్చింది. అప్పటికే కట్టడం లేదు.

విప్పి తీసుకుపోగలిగినవి వేరే దారి పట్టాయి. గుర్రప్పందెం యంత్రం ఫ్లోరిడాలోని పైరేట్స్ వరల్డ్ అనే పార్కుకు అమ్ముడైంది. ఆ పార్కూ 1970ల్లో మూతపడింది. పెవిలియన్ లోపలి ఎల్ డొరాడో రంగులరాట్నం కథ ఇంకా పొడవు. 1907లో జర్మనీలో హ్యూగో హాసే చేయించినది. మూడు వృత్తాకార వేదికలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. 1911లో కోనీ ఐలాండ్ వచ్చింది, స్టీపుల్‌చేజ్ మూతపడ్డాక పెట్టెల్లోకి వెళ్లింది. టోక్యోలోని తోషిమాఎన్ పార్కు కొని మరమ్మతు చేసి 1971లో తిప్పింది. రంగులరాట్నాలు ఇలా ఖండాలు దాటగలగడానికి వాటి నిర్మాణమే కారణం. నడిమి స్తంభం, ఆకుల్లా అమరే చట్రాలు, విడివిడిగా బోల్టు చేసిన బొమ్మలు, అన్నిటికీ నంబర్లు. పునాది అంటూ లోతుగా పాతిందేమీ ఉండదు. 2020 ఆగస్టు 31న తోషిమాఎన్ కూడా మూతపడింది. ఆ స్థలంలో కొంత 2023లో తెరిచిన హ్యారీ పోటర్ స్టూడియో యాత్రకు, కొంత ప్రజా ఉద్యానానికి పోయింది. రంగులరాట్నం మళ్లీ గోదాములోకి చేరింది.

న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉంటున్న తెలుగువారు వేసవిలో కోనీ ఐలాండ్ వెళ్లడం మామూలే. వెళ్లినప్పుడు చూడాల్సిన క్రమం ఒకటుంది. డి, ఎఫ్, ఎన్, క్యూ రైళ్లలో ఏదెక్కినా స్టిల్‌వెల్ అవెన్యూ ఆఖరి స్టేషన్. బోర్డ్‌వాక్ ఎక్కి తూర్పుకు తిరిగితే 1920 నాటి వండర్ వీల్ అనే పెద్ద చక్రం, 1927 నాటి సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ ఇంకా నడుస్తూ కనిపిస్తాయి. పడమటికి తిరిగితే స్టేడియం, ఆ పక్క స్టీపుల్‌చేజ్ ప్లాజా, దాని మీద టవర్. ప్లాజాలో తిరుగుతున్న బి అండ్ బి రంగులరాట్నం మాత్రం స్టీపుల్‌చేజ్‌ది కాదు. ఎన్నో ఏళ్లు సర్ఫ్ అవెన్యూలో వేరే యజమానుల దగ్గర నడిచినది. వేలంలో ముక్కలుగా అమ్ముడుపోయే స్థితిలో ఉంటే 2005లో నగరం 18 లక్షల డాలర్లకు కొని, బాగుచేయించి, 2013లో ఇక్కడ పెట్టింది. దాని యంత్రం కోనీ ఐలాండ్‌లోనే పనిచేసిన విలియం మాంగెల్స్ కర్మాగారంలో తయారైంది. గుర్రాలు చేతితో చెక్కినవి. ఎక్కేముందు ఒకసారి చట్రం వైపు తలెత్తి చూస్తే, విప్పి పెట్టెల్లో సర్దడానికి వీలుగా ఏ భాగం ఎక్కడ విడిపోతుందో బోల్టుల వరుసే చూపిస్తుంది.